మిక్సీలో చికెన్ పీచు తీయడం ఎలా: ముద్ద కాకుండా, పిప్పి కాకుండా

మా కడపలో కారం దోశ అంటే ఎర్రకారం పూసి, పప్పుల పొడి చల్లి, ఉర్లగడ్డ కూర పెట్టి మడవడం. ఆదివారాలు మాత్రం మా ఇంట్లో ఉర్లగడ్డ బదులు పీచు తీసిన చికెన్ పెడతాం. రంజాన్ నెలలో పక్కింటి వాళ్లతో కలిసి సమోసాలు చుట్టేటప్పుడు కూడా ఇదే చికెన్ కావాలి, అదీ కిలోల్లో. అంత మాంసాన్ని వేళ్లతో విడదీస్తూ కూర్చుంటే నడుము పట్టేస్తుంది. వేడి మీద తీస్తే వేళ్లు కాలతాయి, పూర్తిగా చల్లారేదాకా ఆగితే మాంసం బిగుసుకుపోయి పీచు సరిగ్గా ఊడిరాదు.

ఆ పనిని మిక్సీ చేసిపెడుతుంది. కేకులకు వాడే బీటర్ ఉంటే ఇంకా బాగా చేస్తుంది. అయితే మాంసం సరిగ్గా ఉడికి, సరైన వేడిలో ఉంటేనే ఏ మిషన్ అయినా మాట వింటుంది. నేను మొదటిసారి చేసినప్పుడు కుక్కర్ మూత తీసిన వెంటనే, పొగలు కక్కుతున్న ముక్కల్ని జార్ నిండా వేసి, రెండో నంబర్ మీద పది సెకన్లు తిప్పాను. ఆవిరికి మూత ఎగిరి పక్కన పడింది. లోపల చూస్తే పీచు లేదు, తెల్లటి ముద్ద ఒకటి జార్ గోడలకు అంటుకుని ఉంది. పన్నెండు మందికి సమోసాల కూర అది, నాకు ఏడుపొచ్చినంత పనైంది. పారేయడానికి మనసొప్పక శనగపిండి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పెనం మీద కబాబుల్లా కాల్చాను. మీకూ ఎప్పుడైనా అలా ముద్దయితే అదే చేయండి, మాంసం వృథా కాదు. మీకు ఆ అవసరం రాకుండా, చేసి చేసి నేను నేర్చుకున్న పద్ధతి వరసగా చెప్తాను.

ఏ ముక్క తెచ్చుకోవాలి

పొడవాటి పీచు కావాలంటే బ్రెస్ట్ ముక్కే. అందులో కండ నారలన్నీ ఒకే వైపు, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. తొడ మాంసం రుచిగా ఉంటుంది కానీ కొవ్వు, జిగురు ఎక్కువ కాబట్టి మిక్సీలో త్వరగా ముద్ద కడుతుంది. నేను మూడు వంతులు బ్రెస్ట్, ఒక వంతు తొడ తీసుకుంటాను. బ్రెస్ట్ ఒక్కటే వేస్తే కూర కాస్త పొడిపొడిగా ఉంటుంది, ఆ ఒక్క వంతు తొడ మాంసం ఆ లోటు తీరుస్తుంది.

చికెన్ అంగడిలో మరీ పెద్ద కోడి బ్రెస్ట్ ఇస్తే నొక్కి చూడండి. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కలా గట్టిగా తగిలితే వద్దనండి, అది ఎంత ఉడికినా పంటికి రబ్బరులా తగులుతుంది. కిలో బోన్‌లెస్ ఉడికాక ఏడు వందల నుంచి ఏడు వందల యాభై గ్రాములకు దిగుతుంది. దాన్ని బట్టి ఎంత కావాలో లెక్క వేసుకోండి.

ఇంటికి తెచ్చాక ఒక చిన్న పని ఉంది, చాలామంది వదిలేసేది ఇదే. బ్రెస్ట్ అడుగున వేలంత పొడవున ఒక చిన్న కండ విడిగా ఉంటుంది. దానికి ఒక చివర తెల్లటి నరం కనిపిస్తుంది. ఆ నరాన్ని గుడ్డతో గట్టిగా పట్టుకుని, కత్తి మొన దాని మీద ఆనించి లాగేయండి. ఇది ఉడికినా మెత్తబడదు. బ్లేడుకో బీటరుకో దారంలా చుట్టుకుని మిషన్‌ను ఆపేస్తుంది.

ఇప్పుడు ముక్కలు కోయండి. నారలు ఎటు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా రెండు అంగుళాల వెడల్పున కోయాలి. మీరు కోసిన వెడల్పు ఎంతో పీచు పొడవు అంతే వస్తుంది. నిలువుగా కోస్తే ఐదారు అంగుళాల నారలు మిగిలి చుట్టుకుపోతాయి. మరీ చిన్న ముక్కలు చేస్తే పీచు రాదు, రవ్వలా వస్తుంది. రెండు అంగుళాలు దోశకూ సమోసాకూ సరిపోతుంది.

ఉడికించడం

గిన్నెలో ముక్కలు వేసి, అవి మునిగేదాకా మాత్రమే నీళ్లు పోయండి. అర కిలోకు ఒక చిన్న స్పూన్ ఉప్పు, చిటికెడు పసుపు, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, చిన్న అల్లం ముక్క దంచి వేయండి. పొంగు రాగానే మంట తగ్గించి మూత పెట్టండి. అక్కడి నుంచి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు చాలు. నీళ్లు కళపెళ మరగకూడదు, అక్కడక్కడా ఒక బుడగ లేస్తూ ఉంటే సరిపోతుంది. పెద్ద మంట మీద మరిగితే కండ ముడుచుకుపోయి లోపలి రసమంతా బయటికి వచ్చేస్తుంది, అలాంటి ముక్క మిక్సీలో పొట్టు పొట్టుగా రాలుతుంది.

కుక్కర్లో అయితే బోన్‌లెస్‌కు మధ్యస్థ మంట మీద ఒక్క విజిల్. స్టవ్ ఆపేసి, ఆవిరి దానంతట అది పోయేదాకా వదిలేయండి. ఎముకతో ఉన్న ముక్కలకు రెండు విజిల్స్. మూడు, నాలుగు రానిస్తే బ్రాయిలర్ చికెన్ పీచు తీయడానికి పనికిరాదు.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? వంటింటి థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా లావు ముక్క మధ్యలో గుచ్చండి, 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. లేకపోతే ఆ ముక్కను మధ్యకు కోసి చూడండి, ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు, కారే రసం తేటగా ఉండాలి. ఆ తర్వాత ఫోర్కు గుచ్చి మెల్లగా తిప్పండి. నారలు జడ విప్పినట్టు విడిపోతే పీచుకు సిద్ధం. ముక్క మొత్తం ఫోర్కుతో పాటు తిరుగుతుంటే ఇంకో మూడు నిమిషాలు ఉంచండి.

వేడి చూసుకోవడం

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇది. స్టవ్ ఆపాక ముక్కల్ని ఆ నీళ్లలోనే పది నిమిషాలు ఉంచండి. తర్వాత జల్లిగరిటెతో తీసి వెడల్పాటి తట్టలో పరవండి. నీళ్లు పారబోయకండి, వాటితో పని ఉంది.

ఎంత వేడి ఉండాలంటే, సంగటి ముద్దను వేళ్లతో తుంచి పులుసులో అద్దుకునేంత. కాలినట్టు అనిపించకూడదు, అలాగని చల్లారిపోకూడదు. మా వైపు ఈ కొలత చెప్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఎందుకు అంత పట్టింపు అంటే, కండ నారల్ని ఒకదానితో ఒకటి అంటించే సన్నటి పొర ఉడికినప్పుడు కరిగి జిగురుగా మారుతుంది. గోరువెచ్చగా ఉన్నంతసేపు ఆ జిగురు జారుతూ ఉంటుంది, నారలు తేలిగ్గా విడిపోతాయి. చికెన్ ఉడికిన నీళ్లు ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజుకు జెల్లీలా పేరుకోవడం చూసే ఉంటారు. ముక్క చల్లబడ్డాక లోపల కూడా అదే జరుగుతుంది. అప్పుడు బ్లేడు నారల్ని విడదీయలేక కత్తిరించేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్‌తో చేయాల్సి వస్తే ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద వేడి చేసి, మళ్లీ ఆ వెచ్చదనానికి వచ్చాక మొదలుపెట్టండి.

మరీ వేడిగా వేస్తే ఏమవుతుందో పైనే చెప్పాను. ఆవిరి మూతను తోసేస్తుంది, మొహం మీద చిందే ప్రమాదం కూడా ఉంది.

తట్టలో ఉండగానే శుభ్రమైన గుడ్డతో తడి అద్దేయండి. ఎముకతో ఉడికించి ఉంటే మాంసం వలిచి, ప్రతి ముక్కనూ వేళ్ల మధ్య నలిపి చూడండి. పక్కటెముకల దగ్గర సూదుల్లాంటి ఎముకలు కంటికి కనిపించవు, వేలికి తెలుస్తాయి. చిన్నపిల్లలు తినే ఇల్లయితే ఈ పని తొందరలో చేయకండి.

మిక్సీలో

మన ఇళ్లలో మిక్సీతో మామూలుగా మూడు జార్లు వస్తాయి. పెద్దది తీసుకోండి. చట్నీ జార్ అస్సలు వద్దు, అందులో ముక్క కదలడానికి చోటుండదు, బ్లేడు దగ్గరున్నది ముద్దవుతుంది, పైనున్నది అలాగే ఉంటుంది.

జార్ లోపల పొడిగా ఉండాలి. ఒక విడతకు పావు కిలో ముక్కలు, జార్‌లో మూడో వంతు మించకూడదు. మూత పెట్టి, మూత మీద చెయ్యి ఆనించండి. ఇప్పుడు నాబ్‌ను ఒకటీ రెండూ వైపు తిప్పకండి. సున్నాకు అవతలి పక్కన, చేత్తో పట్టుకున్నంతసేపే తిరిగి వదిలేస్తే ఆగిపోయేది ఉంటుంది, కొన్నిటి మీద పల్స్ అని, కొన్నిటి మీద విప్ అని రాసి ఉంటుంది. దాన్ని టక్కున తిప్పి టక్కున వదిలేయండి. ఒక సెకను కూడా ఉంచొద్దు. మిక్సీ మోటార్ వేగం ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 చుట్ల దాకా ఉంటుంది, అంటే సెకనుకు మూడు వందల చుట్లు. మాంసం వేస్తే కాస్త తగ్గినా బ్లేడు దాన్ని చాలాసార్లు తాకుతుంది. పది సెకన్లు తిప్పిన నా చికెన్ ఎందుకు ముద్దయిందో ఈ లెక్క తెలిశాకే అర్థమైంది.

ఒకసారి తిప్పాక ఆగండి. జార్‌ను బేస్ మీద నుంచి తీసి, అటూ ఇటూ కుదిపి, మళ్లీ పెట్టండి. రెండోసారి తిప్పండి, కుదపండి. మూడోసారికి మూత తీసి చూడండి. అప్పటికి సగం ముక్కలు విచ్చుకుని, కొన్ని ఇంకా బొటనవేలంత ఉంటాయి. విచ్చుకున్న పీచును చేత్తో తట్టలోకి తీసేసి, మిగిలిన ముక్కలకు మాత్రమే ఇంకో రెండు సార్లు ఇవ్వండి. లోపలికి చెయ్యి పెట్టేముందు జార్ కచ్చితంగా బేస్ మీద నుంచి బయట ఉండాలి. అన్నీ ఒకేసారి అయిపోవాలని చూస్తే ముందు విచ్చుకున్నది పొడి అయిపోతుంది. అడుగున బ్లేడు చుట్టూ తెల్లగా పేస్టులాంటిది పేరుకోవడం మొదలైతే అక్కడితో ఆపేయండి, మిగిలిన రెండు మూడు ముక్కలు వేళ్లతో చీల్చుకోవచ్చు.

మిక్సీ బ్లేడు పదునైనది కాబట్టి దానితో వచ్చే పీచు పొట్టిగానే ఉంటుంది. సమోసా, కట్లెట్, దోశలోకి అది చాలు. బిర్యానీ హోటళ్లలో స్టార్టర్లలా పొడవాటి పీచు కావాలంటే మిక్సీ మీద ఆశ పెట్టుకోకండి.

మీ మిక్సీతో పాటు పిండి కలిపే గిన్నె కూడా వచ్చి ఉంటే మీ పని సగం అయినట్టే. చపాతీ పిండి కలిపే ఆ ప్లాస్టిక్ బ్లేడుకు పదును ఉండదు. మాంసాన్ని కోయదు, కొట్టి విడదీస్తుంది. అర కిలో ఒకేసారి వేసి, తక్కువ వేగంలో మూడు నాలుగు సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు తిప్పితే చక్కటి పీచు వస్తుంది.

బీటర్ ఉంటే

కర్నూలులో ఉండే మా అక్క కేకుల కోసం కొన్న బీటర్‌తో ఒక సంక్రాంతికి ఇది చేసి చూపించింది. రెండు చువ్వలు గుండ్రంగా తిరిగే చేతి మిషన్ అది. ఒక నిమిషంలో అర కిలో చికెన్ మొత్తం దూదిలా విడిపోయింది. నేను కళ్లతో చూసి కూడా నమ్మలేక, తట్టలోంచి ఒక పోగు తీసి చేత్తో లాగి చూశాను. నారలు తెగలేదు, ఒకదాని నుంచి ఒకటి విడివడ్డాయంతే.

ఎలాగంటే, లోతైన గిన్నె తీసుకోండి, సాంబారు గిన్నె అంత. కింద తడిగుడ్డ మడిచి వేస్తే గిన్నె జారదు. గోరువెచ్చని ముక్కలు వేసి, బీటర్ చువ్వల్ని ముందు ముక్కల మధ్య దించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. పైన ఉండగా వేస్తే చికెన్ గోడల మీదికి ఎగురుతుంది. మొదటి నంబర్ మీదే ఉంచి, పప్పు ఎనిపినట్టు చువ్వల్ని మెల్లగా కిందికీ పైకీ కదపండి. ముప్పై సెకన్లకు ముక్కలు విచ్చుకుంటాయి, నలభై ఐదు సెకన్లకు సన్నబడతాయి. నిమిషం దాటనివ్వకండి. అవి చిన్న మోటార్లు, త్వరగా వేడెక్కుతాయి. రెండో విడతకు ముందు కాసేపు చల్లారనివ్వండి. సన్నటి తీగలతో చేసిన విస్క్ వాడకండి, వంగిపోతుంది. వెడల్పాటి చువ్వలున్న బీటరే పెట్టాలి.

టేబుల్ మీద నిలబెట్టే పెద్ద స్టాండ్ మిక్సర్ ఉన్నవాళ్లు ఆకులాంటి చదునైన బ్లేడు తగిలించి, అన్నిటికన్నా తక్కువ వేగంలో అదే పని చేయొచ్చు. సూప్‌లు చిలకడానికి వాడే పొడవాటి హ్యాండ్ బ్లెండర్ మాత్రం దీనికి పనికిరాదు. పేరు దగ్గరగా ఉంది కదా అని దాన్ని పెడితే నిమిషంలో బేబీ ఫుడ్ చేసి ఇస్తుంది.

కరెంటు పోతే పప్పుగుత్తి ఉంది. గోరువెచ్చని ముక్కల్ని లోతైన గిన్నెలో వేసి, గుత్తితో నొక్కి కాస్త మెలితిప్పండి. బాగా ఉడికిన బ్రెస్ట్ అయితే ఐదు నిమిషాల్లో అర కిలో విడిపోతుంది. తాడు లాగే చాపర్‌తో కూడా వస్తుంది, కానీ దాని బ్లేళ్లు పదునైనవి, మూడు లాగుళ్లకు ఆపేయాలి.

నాటుకోడితో

నాటుకోడిని మిక్సీలో వేయమని నేను చెప్పను. దాని నార గట్టిది. అయిదారు విజిల్స్ రానిచ్చి, తర్వాత చిన్న మంట మీద ఇంకో పావుగంట ఉంచితే తప్ప విడిపోదు. అలా ఉడికించాక బీటర్‌తోనో చేత్తోనో తీస్తే పీచు వస్తుంది, రుచి కూడా బ్రాయిలర్‌కు అందనంత ఉంటుంది. కానీ సంగటిలోకి పులుసు పెట్టుకోవడానికైతే ముక్కలు ముక్కలుగానే ఉంచండి. ఎముక పట్టుకుని తినే కూర అది.

పీచు తీశాక

వెంటనే రెండు చెంచాల చికెన్ ఉడికిన నీళ్లు చల్లి చేత్తో పైపైన కలపండి. పీచు తీసిన మాంసం గాలికి త్వరగా ఆరిపోతుంది, ఈ కాస్త తడి దాన్ని మెత్తగా ఉంచుతుంది. సమోసాల్లోకి అయితే నీళ్లు చల్లొద్దు, పొర తడిసి నూనెలో విచ్చుకుంటుంది.

దోశలోకి నేను చేసే కూర చాలా చిన్నది. నూనెలో జీలకర్ర, కరివేపాకు, రెండు ఎర్రగడ్డలు సన్నగా తరిగి వేయించి, అల్లం తెల్లగడ్డ పేస్టు, అర స్పూన్ ధనియాల పొడి, కొంచెం మిరియాల పొడి, ఉప్పు వేసి, చివర్లో అర కిలో చికెన్ పీచు వేసి మూడు నిమిషాలు తిప్పి దించేస్తాను. కారం ఎక్కువ వేయను, దోశ మీద ఎర్రకారం ఎలాగూ ఉంటుంది. ఆ ఎర్రకారానికి ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పుతో మెత్తగా నూరుకుంటే చాలు. దోశ సగం కాలాక కారం పూసి, పప్పుల పొడి చల్లి, కూర పరిచి, అంచుల వెంట నెయ్యి వేసి మడవండి. జొన్నరొట్టెలో చుట్టి పిల్లల టిఫిన్ బాక్సులో పెట్టినా బాగుంటుంది.

జార్ సంగతి కూడా చెప్పాలి. చికెన్ వాసన మూత లోపలి రబ్బరులో దాక్కుంటుంది. పని అయిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్ వేసి ఒకసారి తిప్పి, రబ్బరు ఊడదీసి విడిగా రుద్ది ఆరబెట్టండి. శనివారం మాంసం ముట్టని ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి, మాదీ అదే. అందుకే పాత మిక్సీ జార్ ఒకటి ఈ పనికి విడిగా పెట్టేశాను. దేవుడికి నైవేద్యం చేసే కొబ్బరి అందులో పడదు, మా అత్తకూ మనసు కుదురుగా ఉంటుంది.

ఎండాకాలంలో మన దగ్గర నలభై దాటే ఎండల్లో ఉడికిన చికెన్‌ను గంటకు మించి బయట ఉంచకండి. పీచును వెడల్పుగా పరిచి త్వరగా చల్లార్చి, మూతున్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు వాడుకోవచ్చు. ఎక్కువ చేసుకుంటే పావు కిలో చొప్పున కవర్లలో పలుచగా పరిచి, గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెట్టండి, పైన తేదీ రాసుకోండి. రెండు నెలల్లోపు వాడేయండి. ముందు రోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దించి, వాడేటప్పుడు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. చాలాసేపు కరెంటు పోయి లోపల మెత్తబడి, చల్లదనం పోయిన కవర్‌ను మళ్లీ గడ్డకట్టించకండి, పారేయండి.

ఇక దాచి ఉంచిన ఆ నీళ్లు. వడకట్టి, కాస్త చింతపండు రసం కలిపి, మిరియాలు, జీలకర్ర, తెల్లగడ్డ కచ్చాపచ్చాగా దంచి వేసి మరిగించండి. ఉప్పు ముందే ఉంది కాబట్టి రుచి చూశాకే వేయాలి. ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకుతో తిరగమోత పెడితే ఆ రాత్రికి వేడన్నంలోకి చారు సిద్ధం.